గెస్ట్‌హౌస్ మలుపు దాటని సైకిళ్లు

రుషికొండ దాటాక భీమిలి రోడ్డులో, సరుగుడు తోట పక్కన మలుపులో పాడుబడ్డ గెస్ట్‌హౌస్ ఒకటుంది. చీకటి పడ్డాక అటు సైకిల్ మీద వెళితే... వెనక క్యారియర్ మీద ఎవరో ఎక్కి కూర్చుంటారట. బరువు తెలుస్తుందట. తిరిగి చూశారో — అంతే సంగతులు!

రుషికొండ బీచ్‌లో ఈ ముక్క చెప్పుకోనివాళ్లు లేరు. మొదట పుట్టించింది మాత్రం అద్దె సైకిళ్ల జలీల్.

పుట్టించక ఏం చేస్తాడు? గంటకని తీసుకున్న సైకిల్‌ని కుర్రాళ్లు భీమిలి దాకా తొక్కేసి, పంక్చరు చేసి, ఎప్పుడో తెచ్చి పడేసేవాళ్లు. బతిమాలాడు, బోర్డు పెట్టాడు, తిట్టాడు. ఎవడూ వినలేదు. చివరికి దెయ్యాన్ని పెట్టాడు. అప్పట్నుంచి సైకిళ్లన్నీ ఆ మలుపు దగ్గరే బుద్ధిగా వెనక్కి తిరుగుతున్నాయి. జీతం అడగని కాపలా మరి!

అలాంటిది, ఓ సాయంత్రం చీకటి పడ్డాక ద్వారకా నగర్ కోచింగ్ కుర్రాడు నాగవంశీ ఉత్త కాళ్లతో పరిగెత్తుకొచ్చాడు. సైకిల్ లేదు.

"అక్కడ... ఎవరో పిలిచారన్నా," అన్నాడు వగరుస్తూ.

జలీల్‌కి ఒళ్లు మండింది. మొన్ననే కొన్న కొత్త సైకిల్ అది! ఆలస్యం చేస్తే ఏ లారీలోనో ఎక్కిపోతుంది. దెయ్యం లేదు, నీ బొందా లేదు అందామంటే, అల్లింది తనేనాయె. ఒక్కడే నడుచుకుంటూ బయల్దేరాడు.

మలుపులో దీపం లేదు. సరుగుడు చెట్లు ఒకటే హోరు. సైకిల్ రోడ్డు మీదే పడుంది... లేపాడు. తన దెయ్యమే కదా, తనకేం భయం? అనుకున్నాడు గానీ కాలికి పెడల్ ఓ పట్టాన దొరకలేదు.

దొరికింది. కాలు వేశాడో లేదో —

వెనక క్యారియర్ కిర్రుమంది. బరువు...

గబగబా కల్మా అందుకున్నాడు.

"తొక్కు బాబూ... ఆగిపోనావేటి?" చెవి పక్కనే గొంతు.

గుప్పున చేపల వాసన. దెయ్యానికి చేపల వాసనేమిటి? గుండె చిక్కబట్టుకుని తిరిగి చూశాడు. ఒళ్లో ఖాళీ గంపతో ఒక ముసలామె.

"నాను పోతమ్మని. పెదజాలారిపేట. సేపలమ్ముకుని ఎల్తన్నాను. రుషికొండ బస్టాపు కాడ దింపీ," అంది. "ఇందాక ఓ కుర్రోడ్ని పిలిత్తే సైకిలొగ్గేసి పారిపోనాడు. ఇక్కడ దెయ్యముందని ఎవుడో సన్నాసి పుట్టించాడంట. ఒక్క ఆటోవోడూ ఆగడు. నెల్లాళ్లై ఈ మోకాళ్లతో నడకే! ఆడు గానీ నాకు దొరకాల..."

గంపలో చేపల కత్తి ఖంగుమంది.

జలీల్‌కి ముందు సిగ్గేసింది. ఆ వెనకే చెమట పట్టింది.

"నీదేటి యాపారం బాబూ?"

"నాకా... ఏటీ లేదమ్మా."

తన పేరు రాసున్న కొట్టు బోర్డు ముందు నుంచే తల దించుకుని పోయాడు. బస్టాపు వచ్చినా ఆపలేదు. పెదజాలారిపేట దాకా తొక్కాడు.