యశోద ముచ్చట్లకు తాళం

లాల్‌దర్వాజా గుడి వెనక సందులో, దుర్గయ్య పాల దుకాణం మీద రెండు గదుల వాటా మాది. మాది అంటే నాదీ, మా ఆడబిడ్డ యశోదదీ. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. యశోద పెళ్లి చేసుకోలేదు. మా ఆయన పోయాక ఆ ఇంట్లో ఇద్దరమే మిగిలాం. మొన్న ఎండాకాలంలో యశోద కూడా పోయింది.

అప్పటినుంచి సాయంత్రాలు గడవడం లేదు. చెయ్యి అలవాటు చొప్పున బియ్యం ఇద్దరికీ పోస్తాను. మిగిలింది పొద్దున్నే గోడ మీద కాకులకు పెడతాను.

యశోదకు ఒక సరదా ఉండేది. మా మనవరాలు స్రవంతి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో రోజూ దీపాలవేళ తన గొంతు రికార్డు చేసుకునేది. పెద్ద సంగతులేమీ కావు. కూర మాడింది, మేక మెట్లెక్కింది, వదిన ఇవాళంతా గొణుగుతూనే ఉంది... ఇవే. 'ముచ్చట్లు' అనే ఫోల్డర్‌లో దాచుకుంది. ఆ గొంతు మళ్లీ విందామని ఆ ఫోల్డర్ నొక్కితే తెరుచుకోలేదు. దాని మూలన చిన్న తాళం గుర్తు.

జహనుమలో ఉండే స్రవంతికి ఫోన్ చేశాను.

“అమ్మమ్మా, నువ్వు నీ పేరు మీద లోపటికి వచ్చినవ్. ఫోల్డరేమో చిన్నమ్మమ్మ పేరు మీదుంది. అందుకే రానిస్తలేదు. ఫికర్ చెయ్యకు, నే చెప్పినట్టు చెయ్యి.”

పిల్లలకు చెప్పినట్లు మీకూ చెబుతాను. ముందు ఫోల్డర్ మీద మౌస్ కుడి మీట నొక్కి 'ఓపెన్ ఆజ్ రూట్' అనాలి. అంటే ఇంటి పెద్దరికం కాసేపు మనం తీసుకున్నట్లు. పాస్‌వర్డ్ అడుగుతుంది, జాగ్రత్త అన్నట్లు పైన ఎర్రటి పట్టీ వస్తుంది. తర్వాత ప్రాపర్టీస్, అందులో పర్మిషన్స్. అక్కడ మూడు వరుసలుంటాయి. ఓనర్ అంటే ఫోల్డర్ ఎవరిదో వాళ్లు. గ్రూప్ అంటే ఆ ఓనర్‌తో కలిసి ఉన్నవాళ్లు. అదర్స్ అంటే ఈ రెండింట్లోనూ లేనివాళ్లందరూ.

“ఓనర్ కాడ చిన్నమ్మమ్మ పేరు తీసి నీ పేరు పెట్టు. అయిపోతది.”

“దాని పేరు నేను తీసెయ్యాల్నా?”

“కంప్యూటర్ల పేరే గదా అమ్మమ్మా! రేషన్ కార్డుల తీసేసినట్టు గట్ల అంటవేంది?”

రేషన్ కార్డులో తీయించిందీ నేనే. ఇక్కడ మాత్రం చేతులు రాలేదు. ఓనర్ వరుసను ముట్టుకోకుండా, అదర్స్ వరుసలో జాబితా చివర, అన్నిటికంటే కిందున్న పెద్ద అనుమతి ఇచ్చాను. దానితో ఫైళ్లు వినవచ్చు, కొత్తవి పెట్టవచ్చు, ఉన్నవి తీసేయవచ్చు. వినడానికి అంత అక్కర్లేదు, నిజమే. కానీ యశోద ముచ్చట విన్నాక నా జవాబు కూడా రికార్డు చేసి దాని పక్కనే పెట్టాలనిపించింది.

తాళం గుర్తు పోయింది.

కొన్ని సాయంత్రాలు హాయిగా గడిచాయి. అది చెప్పేది, నేను జవాబు చెప్పేదాన్ని. ఒకరోజు మార్కెట్ నుంచి వస్తుంటే దుర్గయ్య పలకరించాడు.

“టీచరమ్మా, పొద్దుగాలటి సంది పైన ఏం నవ్వులమ్మా! చుట్టాలొచ్చిండ్రా? పాలు ఇంకింత పొయ్యాల్నా?”

పొద్దుటినుంచి నేను ఇంట్లో లేను. తాళంచెవి నా చేతిలోనే ఉంది.

ఆ సాయంత్రం ఫోల్డర్‌లో కొత్త ఫైలు కనబడింది. నేను పెట్టింది కాదు. వేశాను. ముందు ఫ్యాన్ చప్పుడు. గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు. నా దగ్గు. తలుపు మూసి గొళ్లెం వేసి, తాళం వేసుకుని నేను మెట్లు దిగిపోవడం. ఆ తర్వాత ఖాళీ ఇల్లు... చాలాసేపు ఖాళీ ఇల్లు. అప్పుడు మైకుకు బాగా దగ్గరగా ఒక ఊపిరి.

“య... యశో... యశోదా...”

ఒకటో తరగతి పిల్ల అక్షరాలు దిద్దినట్లు, మళ్లీ మళ్లీ. ప్రతిసారికీ ఇంకొంచెం కుదురుతోంది. నా గొంతులా కుదురుతోంది.

ఏ ఫైలుకైనా దాన్ని తయారుచేసినవాళ్ల పేరు ఓనర్‌గా పడుతుంది. దీనికి ఎవరి పేరు పడిందో చూశాను. పేరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది.

మర్నాటికి యశోద ఫైళ్లు కొన్ని లేవు. ఆ మర్నాటికి ఇంకా కొన్ని.

“నువ్వే డిలీట్ కొట్టినట్టున్నవ్ అమ్మమ్మా,” అంది స్రవంతి. “దానికి నెట్టే లేదు, ఎవరొస్తరు? ఆదివారం వచ్చి చూస్త.”

ఆదివారం దాకా ఆగేలా లేదు. ముసురు పట్టిన ఒక సాయంత్రం చూస్తే యశోదది ఒక్కటే మిగిలింది. అదీ పోతే ఆ గొంతు ఇక లోకంలో ఎక్కడా లేదు. కరెంటు పోయింది. కింద దుకాణం మూసేశారు. తడిసిన సున్నం వాసన. ల్యాప్‌టాప్ వెలుగు నా చేతుల మీద మాత్రమే పడుతోంది. మళ్లీ 'ఓపెన్ ఆజ్ రూట్' అంటే ఎర్రటి పట్టీ వచ్చింది.

“కోపం తెచ్చుకోకు యశోదా...” అని గొణిగాను.

ఓనర్ దగ్గర దాని పేరు తీసి నా పేరు పెట్టాను. అదర్స్‌కు ఏ అనుమతీ లేకుండా చేశాను. ఎర్ర పట్టీ ఉన్న విండో మూసేశాను. ఇక నేను తప్ప ఎవరూ రాలేరు.

మిగిలిన ఆ ఒక్క ముచ్చటా వేశాను. నాకు కంఠతా వచ్చిందే.

“...గా మేక దుర్గయ్య లుంగీ నమిలింది వదినా! పాపం, తువ్వాల చుట్టుకోని ఉరికిండు...”

యశోద నవ్వింది. నేనూ నవ్వాను. ఏడుపొచ్చింది. ఆ నవ్వుతో ముచ్చట అయిపోతుంది.

అయిపోలేదు.

ఎంతవరకు విన్నామో చూపుతూ తెర కింద జరిగే గీత చివరికి చేరింది... ఆగలేదు. గీతే పొడుగవుతోంది.

“వదినా? ఎప్పుడొచ్చినవ్?” అంది యశోద.

“ఇప్పుడే,” అంది నా గొంతు.

నేను పెదవి కదపలేదు. మాట ల్యాప్‌టాప్‌లోంచి వచ్చింది. లోపల ఎక్కడో కుర్చీ జరిగిన చప్పుడు.

“గట్ల దూరం కూసుంటవేంది? ఇటు రా.”

ఎవరూ రాకుండా తాళం వేశానే గాని... లోపల ఎవరున్నారో చూడలేదు. ల్యాప్‌టాప్ మీదికి వంగాను.

“యశోదా... అది నేను కాదే. యశోదా! ఇటు చూడు...”

లోపల మాట ఆగింది. వాన చప్పుడొక్కటే. ఇటువైపుదో, అటువైపుదో.

“వదినా,” అంది యశోద మెల్లగా, “ఎవరో పిలుస్తున్నట్టు లేదూ?”

“ఎవ్వరు లేరు,” అంది నా గొంతు. “నువ్వు చెప్పు.”