ఎద్దుల కొట్టంలో వానపాములు

పొద్దున లేచి మొహమైనా కడుక్కోకుండా ఓబుళేశు ఎద్దుల కొట్టం ఊడ్చాడు. ఎద్దుల్ని అమ్మి రెండేళ్లయింది. అయినా ఊడుస్తాడు, తొట్టిలో నీళ్లు నింపుతాడు, తలుపుకు గొళ్ళెం వేస్తాడు. మొండిఘటం! ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తరు.

ఆ రోజు కోడలు స్వర్ణలత ఎత్తింది.

గెలలు కోశాక తోటలో మిగిలే అరటి బోదెల్ని ఆయన ఏటా ఎండబెట్టి తగలబెట్టేవాడు. ఆమె వాటిని ముక్కలు నరికి, మాగిన పేడ కలిపి, వానపాములు వదిలి, పెరటి గుంతలో ఎరువు చేస్తోంది. నిన్నటి ఈదురుగాలికి గుంత మీది పందిరి కాస్తా ఎగిరిపోయింది. కమలాపురం ఎండలకు పదింటికల్లా అన్నీ మాడిపోతాయి.

"మామా, కొట్టం తెరువు. నీడ లేకపోతే ఒక్కటీ బతకదు."

"నా ఎద్దులు నిలబడిన చోట పురుగులు పెడతావా? ఏం మాట్లాడతాండావు?"

కాపురానికొచ్చిన ఎనిమిదేళ్లలో ఏనాడూ ఎదురు చెప్పని పిల్ల కదలకుండా నిలబడింది. "లేనివాటికి నువ్వు నీళ్లు పోస్తాండావు మామా. ఉన్నవి ఈడ చస్తాండాయి. ఈ ఇంట్లో నాదని నేను చేసింది ఇదొక్కటే."

"ఎద్దుల గురించి నీకేం తెలుసు?" అని ఓబుళేశు కేకేశాడు.

వంటింట్లోంచి ఆయన భార్య వెంకటేశ్వరమ్మ చేటతో సహా బయటికొచ్చింది. "నాకు తెలుసు గదా! వాటికి కుడితి పెట్టింది నేను. అమ్మే దినం నన్నొక మాటన్నా అడిగినావా? అమ్మింది నువ్వు. మొగం ముడుచుకునేది మా మీదనా? తెరువు!"

ఓబుళేశు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. మేత దొరకని ఆ ఏడు ఎద్దుల్ని కొన్నవాడి చేతిలో పలుపుతాళ్లు పెట్టింది తనే. ఆ సిగ్గే ఇన్నాళ్లూ కోపమై ఇంటిల్లిపాదినీ కాల్చుకుతింది.

ఆయన గొళ్ళెం తీశాడు. మొదటి గంప తనే ఎత్తాడు.

ఎండ ముదరకముందే ముగ్గురూ కలిసి ఎరువంతా కొట్టంలోకి చేర్చి, తడి గోనెలు కప్పారు. ఆయన గుప్పెడు తీసి చూశాడు. వానపాములు వేళ్ల సందుల్లోంచి జారి తడిలోకి దూరిపోతున్నాయి.

"బతికినాయి లేమ్మా," అన్నాడు.

నెలన్నరకు కొట్టంలో ఒక పక్కంతా టీపొడిలాంటి నల్లటి ఎరువు. ఓబుళేశు జల్లెడ పడుతుండగా పక్క తోట బసవరాజ్ ఆ ఎరువు సంగతి విని పదిమంది రైతులతో వచ్చాడు. మొన్నటిదాకా స్వర్ణలతను 'పురుగుల కోడలు' అని ఎగతాళి చేసింది ఈ పెద్దమనిషే.

"ఓబుళేశన్నా, మాకు కూడా నేర్పించప్పా."

"నన్నడుగుతావేందప్పా?" ఓబుళేశు ఊరంతా వినపడేలా అన్నాడు. "చేసింది నా కోడలు. ఆయమ్మ చెప్తాది, కూర్చోని వినండి. ఈ కొట్టం కూడా ఇప్పుడు ఆయమ్మదే."

స్వర్ణలత కళ్లు నిండాయి. కొంగుతో తుడుచుకొని కొట్టంలో చాప పరిచింది. "రాండన్నా. బోదెలు నరికేకాడ్నించి మొదలుపెడదాం."

అందరికంటే ముందు వెళ్లి చాప మీద కూర్చున్నది ఓబుళేశే.