నీలం సుద్ద గీత

"మా నాన్న పొట్ట కొట్టే మిషన్ చేస్తున్నది మీరేనా?"

తలెత్తి చూశాను. గుమ్మంలో ఒక అమ్మాయి. బయట జోరువాన. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో టేకు తునకల సంచీ. విచిత్రమేమిటంటే గొడుగు సంచీకి పట్టింది, తాను మాత్రం నిలువునా తడిసిపోయింది. జావా దీవిలో మా జెపారా ఊళ్ళో చెక్కడం పనివాళ్ళంతా ఇంతే. ఒళ్ళు తడిసినా ఫరవాలేదు, చెక్క తడవకూడదు.

"నేనే. ప్రసోజో అంటారు. జిరాక్స్ మిషన్లు రిపేరు చేస్తాను. మీరూ..."

"వినార్సిహ్. పాక్ కర్సోనో కూతుర్ని. నిన్న మా నాన్నని చెక్క అడిగారట కదా. ఆయనకి లేదనడం చేతకాదు. నాకు బాగా వచ్చు. కానీ ఆయన మాట తీసెయ్యలేక తెచ్చాను."

సంచీ దభీమని నా కాళ్ళ దగ్గర పడింది.

నేను చేస్తున్నది సీఎన్‌సీ రౌటర్ బల్ల. పేరు ఘనంగా ఉంది గానీ సరుకంతా పాతదే. మూలపడ్డ జిరాక్స్ మిషన్లలోంచి పీకిన మోటార్లు, వంటింటి సొరుగుల పట్టాలు, ఇనుప సామాన్ల కొట్లో దొరికే మర తిరిగిన కడ్డీలు, ఒక ముసలి ల్యాప్‌టాప్. కంప్యూటర్‌లో గీత గీస్తే చాలు, దాని వెంట కోత మోటారు తనంతట తానే అటూ ఇటూ, పైకీ కిందికీ నడుస్తూ చెక్కని తొలుస్తుంది. ఇంకో ఊళ్ళో అయితే బల్లకి ప్లైవుడ్ కొనుక్కుంటారు. మా ఊళ్ళో టేకు తునకలు పొయ్యిలోకి పోతుంటాయి, కాబట్టి నేను టేకే అడిగాను.

"చెక్కేది మిషనైతే మా నాన్న ఏం చెయ్యాలి? పక్కన కూర్చుని ఈగలు తోలాలా?"

"మొరటు పని మిషన్‌ది. నాజూకు పని ఆయనదే. ఆయన మణికట్టు బాగాలేదని విన్నాను, అందుకే..."

ఆమె ముఖం మారిపోయింది. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. మసీదు తలుపుకి పన్నెండు పలకలు చెక్కి ఇస్తానని పాక్ కర్సోనో, అంటే మా లెక్కన కర్సోనో గారు, మాటిచ్చాడు. నాలుగు పూర్తయ్యేసరికి మణికట్టు చెడింది. ఇక సుత్తి పట్టవద్దని డాక్టరు చెప్పాడు. ఉపవాసాల నెల దగ్గరపడుతోంది, ఆలోగా తలుపు నిలబెట్టాలి.

"మిగతావి నేను చెక్కుతానన్నాను," అంది నెమ్మదిగా. "'అప్పుడది నీ తలుపవుతుంది తల్లీ, నాది కాదు' అన్నాడు."

"ఒక్క అవకాశం ఇవ్వండి."

"శుక్రవారం నమాజు అయ్యాక ఆయన్ని తీసుకొస్తాను. ఒక్క ఆకు చెక్కి చూపించండి. గీత తప్పిందో, మళ్ళీ మా ఇంటి ఛాయలకి రాకూడదు."

ఆమె వెళ్ళాక మర కడ్డీని తలకిందులుగా బిగించాను. విప్పి, మళ్ళీ తలకిందులుగానే బిగించాను. అప్పుడర్థమైంది నాకేమైందో.

*

శుక్రవారం ఇద్దరూ వచ్చారు. పాక్ కర్సోనో చెవి మీద సుద్దముక్క పెట్టుకుని, చంటిపిల్లని చూసినట్టు మిషన్‌ని చూశాడు. నేను మీట నొక్కాను. మోటారు కుయ్యిమంది. పొట్టు ఎగిరింది.

ఆకు తయారైంది. ఎడమ అంచు కాలవలా లోతు. కుడి అంచు మీద గోరుతో గీకినట్టు గీత.

"ఆకు బాగానే ఉందోయ్ బాబూ," అన్నాడాయన. "పురుగు తిన్న ఆకు, అంతే."

నవ్వాడు. కానీ గుమ్మం దిగుతూ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. "వచ్చే శుక్రవారం మసీదు వాళ్ళకి పలకలు వెనక్కిచ్చేస్తాను. మాట నిలబెట్టుకోలేకపోయాను."

వినార్సిహ్ నన్ను నాలుగు తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అసలు నా వైపే చూడలేదు. తిట్టి ఉంటేనే బావుండేది.

*

మర్నాడు పొద్దున్నే నా ఇంటి ముందు తోపుడుబండి ఆగింది. పాత లుంగీలో చుట్టిన నాలుగు పొడవాటి వట్టి టేకు పలకలు. వాటికి పొగవాసన.

"మీ బల్ల మెలి తిరిగింది," అందామె పలకరింపులేమీ లేకుండా. బల్ల ఈ చివర ఒక తిన్నని కర్ర, ఆ చివర ఇంకొకటి అడ్డంగా పెట్టింది. "వంగి, ఒక కన్ను మూసి చూడండి. రెండు కర్రలూ ఒక్క వరసలో ఉన్నాయా?"

వంగాను. ఆమె కూడా పక్కనే వంగింది. జుట్టు నుంచి వాన వాసన.

"కర్రల్ని చూడండి మహానుభావా, నన్ను కాదు."

నిజమే, రెండు కర్రలూ ఒక్క వరసలో లేవు, ఒకటి పక్కకి వాలింది.

"ఆ రోజు తెచ్చిన తునకల మీద నీలం సుద్ద గీతలున్నాయి, చూశారా?"

"కొలతల గుర్తులనుకున్నాను."

"యా అల్లా! జెపారాలో పుట్టి ఇది తెలీదా? మా చావిట్లో నీలం గీత అంటే పచ్చి టేకు, ఇంకా ఆరలేదని. ఈ వానల్లో మెలి తిరక్క ఏం చేస్తుంది?" గొంతు తగ్గింది. "నాకు తెలుసు. సంచీ పడేసేటప్పుడే చూశాను. కావాలనే చెప్పలేదు. మీ మిషన్ పాడైపోతే పీడా పోతుందనుకున్నాను. నిన్న నాన్న అలా చెయ్యి పట్టుకుని నడుస్తుంటే నాకు ముద్ద దిగలేదు."

నాకు కోపం రావాలి. ఎంత వెతికినా దొరకలేదు.

"మరి ఈ పలకలు?"

"వంటింటి అటక మీద పొగకి ఏడేళ్ళుగా ఆరుతున్నాయి. ఇంక వెంట్రుకవాసి కూడా కదలవు."

"ఏడేళ్ళు దేనికి దాచారు?"

"మీకు పని చెయ్యడం వచ్చా, ప్రశ్నలెయ్యడమేనా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆడపిల్లున్న చెక్కడం ఇళ్ళలో అటక మీద పలకలెందుకు ఆరతాయో నాకు తెలుసు. నోరు తెరిచి అడిగే ధైర్యం లేక రంపం తీశాను.

ఆ పలకలతో బల్లని మళ్ళీ కడుతూ ఐదు రోజులు పనిచేశాం. ఆమె చిత్రిక పట్టింది, నేను పట్టాలు బిగించాను. ఆమె తెచ్చిన చేపల పులుసు ఇద్దరం తిన్నాం. ఎప్పుడో మధ్యలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"ఆ మర ఇంకా వదులుగా ఉంది."

"నీ నోరు ఒక్క నిమిషం వదులు చెయ్యకుండా ఉంటే బిగిస్తాను."

"నా నోరు ఆగితే నీకు తోచదు."

అది మాత్రం నిజం.

*

శుక్రవారం పాక్ కర్సోనో వచ్చేసరికి ఆయన వెనక బండిలో మసీదు తలుపుకి మిగిలిన ఎనిమిది పలకలూ ఉన్నాయి, తిరిగిచ్చెయ్యడానికి.

"ఒక్కటి, ఒక్కటే పెట్టి చూద్దాం నాన్నా," అంది వినార్సిహ్.

మోటారు నడిచింది. తీగ తిరిగింది, ఆకు విచ్చుకుంది, లోతు అన్ని అంచులా ఒక్కటే. మొరటుగా ఉంది, కానీ తప్పు లేదు.

ఆయన ఉలి తీసుకున్నాడు. సుత్తి అక్కర్లేదు, అరచేత్తో నెడితే చాలు. ఆకు మీద ఈనె తేలింది. అంచు మెలి తిరిగింది. కాసేపటికి అది మిషన్ చేసిన ఆకులా లేదు.

"ఇది నా ఆకే," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "నా తలుపే."

నేను ఊపిరి పీల్చుకునేలోగా ఆయన చెయ్యి బల్ల మీద ఆగింది. నిమిరాడు. వంగి వాసన చూశాడు.

"అమ్మాయ్, మన అటక మీద పిల్లులు తిరుగుతున్నాయా?"

"లేదు నాన్నా."

"మరి నీ పెళ్ళిమంచం చెక్క తనంతట తానే ఇక్కడికి నడిచొచ్చిందా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఇద్దరం ఒకేసారి తల దించాం.

"నేనే ఇచ్చాను నాన్నా. నీ తలుపు కోసం." తలెత్తింది. "తలుపు ఒక్కదాని కోసమే కాదు."

ఇప్పుడు నోరు విప్పకపోతే జన్మలో విప్పలేను.

"మీ అమ్మాయంటే నాకు ప్రాణం. మాకు పెళ్ళి చెయ్యండి. ఈ బల్ల ఇప్పుడే విప్పేసి మంచం చేస్తాను."

"విప్పావో, కాళ్ళు విరగ్గొడతాను! ఇంకా ఏడు పలకలున్నాయి." ముఖం మాత్రం నవ్వుతోంది. "రేపు సంబంధం అడగడానికి మీ అమ్మని జిగురన్నం మిఠాయితో మా ఇంటికి పంపించు. మంచానికి కొత్త చెక్క అటకెక్కిస్తాను. ఆరేదాకా చాప మీద పడుకోండి."

వెళ్ళబోతూ ఆగాడు. చెవి మీది సుద్దముక్క తీసి, నా చొక్కా భుజం మీద అడ్డంగా నీలం గీత గీశాడు.

"అమ్మాయ్, చూసుకో. ఇతను ఇంకా పచ్చివాడే."

వినార్సిహ్ ఆ గీతని చూసింది, నన్ను చూసింది.

"ఫరవాలేదు నాన్నా. నేను ఆరబెట్టుకుంటాను."