అమ్మ ఎక్కిన అల

పొద్దున్నే ఇంటి వెనక షెడ్డులో నాన్న విరిగిన సర్ఫింగ్ బోర్డును అతికించి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దుతున్నాడు. వంటింట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చిట్టి తన మొదటి సినిమాకు చివరి మెరుగులు దిద్దుతోంది. అలల మీద స్వారీ చేసేవాళ్ల గురించి ఇరవై నిమిషాల సినిమా. సాయంత్రం బోర్డుల దుకాణంలో తెర కట్టి సర్ఫర్లందరికీ చూపించాలి.

కాఫీ కోసం లోపలికొచ్చిన నాన్న చిట్టి వెనకే ఆగిపోయాడు.

"ఒడ్డున ఆ రెండు మొనల బండ కనిపిస్తోందేంటే?"

"షాట్‌లో పడింది నాన్నా."

"పడిందా! అది చూస్తే చంటిపిల్లాడు కూడా చోటు పట్టేస్తాడు. మన అల గురించి దండోరా వేయిస్తావా?"

నాన్నదీ ఆయన నలుగురు స్నేహితులదీ ముప్పయ్యేళ్ల కట్టుబాటు అది: అలలు బాగా లేచే ఆ చోటు బయటివాళ్లకి తెలియకూడదు. అక్కడ ఎంత సినిమా తీసుకున్నా ఒడ్డు కనబడకూడదు, కెమెరా సముద్రం వైపే ఉండాలి. చిట్టికి తెలియక కాదు. నీళ్లలో తేలుతూ తీస్తుంటే, అల మీద నిలబడిన అమ్మ పక్కనుంచే ఒడ్డు వైపు దూసుకుపోయింది. ఆ సంబరంలో కెమెరా ఆమె వెంటే తిరిగిపోయింది.

"ఆ ముక్క తీసెయ్."

"తియ్యను."

"ఏంటీ?"

"అది అమ్మ అల నాన్నా. తియ్యనంటే తియ్యను."

అంట్లు తోముతున్న అమ్మ వెనక్కి తిరిగింది. "తీసెయ్యవే తల్లీ. నా ముసలి గెంతులు చూడాలని ఎవరేడుస్తున్నారు?"

"నువ్వుండమ్మా. నాలుగు నెలలు కూర్చుని పాత టేపులన్నీ చూశాను నాన్నా. అరవై మూడు టేపులు. అన్నిట్లో నువ్వే. నువ్వు లేవడం, నువ్వు పడడం. అమ్మెక్కడ?"

"మీ అమ్మ తీసింది కదే వాటిని!"

అనేశాక ఆ మాట ఆయనకే వినిపించినట్టయింది.

"నన్నూ తియ్యమని ఒకసారి అడిగాన్లే," అమ్మ నవ్వుతూనే గిన్నె బోర్లించింది. "'ఇవాళ అలలు బాగున్నాయి, రేపు తీస్తా' అన్నారు."

నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మళ్లీ వెయ్యి."

తెర మీద అమ్మ. తడిసిన నెరిసిన జుట్టు, వంగిన మోకాళ్లు, నోరారా నవ్వు. మూడుసార్లు వేయించుకున్నాడు. దుమ్ము చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు.

"ఎడమ చెయ్యి అలా ఎత్తుతావేంటోయ్ నువ్వు?"

"నాకేం తెలుసండీ? నన్ను నేనెప్పుడు చూసుకున్నాను గనక?"

ఆయన లేచి, గట్టు మీద తన కోసం పోసిపెట్టి చల్లారిపోయిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"ఉంచెయ్యి. వాళ్ల నలుగురికీ నేను చెప్పుకుంటా."

"రేపట్నించి అక్కడ జనం పడతారేమో నాన్నా," చిట్టి గొంతు ఇప్పుడు మెత్తబడింది.

"పడనీ," అన్నాడు భార్య వైపు చూస్తూ. "మనం ఇంకో గంట ముందు లేద్దాం."