ఎడమచేతి మడత

పొద్దున్నే చీపురు పట్టుకుని గేటు తీసిన ఆవిడ, ఎవరిదో కారు తమ ఇంటి ముందు పెట్టి పోయారనుకుంది.

"ఏవండీ! ఇదెవరి కారండీ? మనదేదీ?"

భర్త పళ్లు తోముకుంటూ బయటికొచ్చాడు. "అదే మనది" అన్నాడు నోటినిండా నురగతో.

రిపేరుకని తీసుకెళ్లిన ఎర్ర కారు, రాత్రి ఆవిడ పడుకున్నాక బూడిదరంగులో తిరిగొచ్చిందన్నమాట. అద్దాలైతే బొగ్గు పూసినట్టున్నాయి. ముక్కు ఆనించి చూసినా లోపలిదేమీ కనపడలేదు. తన ముఖమే కనపడింది.

"రంగేయించారా?"

"రంగు కాదు, వినైల్ ర్యాప్. పల్చటి పొరని వేడిచేసి సాగదీస్తూ కారంతా అంటిస్తారు. అద్దాలకేమో ఎండ తగలకుండా ఫిల్మ్."

ఒక చొక్కా కొనడానికి ఆర్నెల్లు ఆలోచించే మనిషికి ఇంత షోకెక్కడిదో ఆవిడకు అంతుపట్టలేదు. చేతులు మాత్రం ఊరుకోలేదు. దర్జీ కదా, అతుకు కోసం వేలితో బానెట్ అంతా తడిమింది. ఎక్కడా ముడత లేదు, బుడగ లేదు.

"ఎవరు చేశారో గానీ చెయ్యి శుభ్రంగా ఉంది" అంది.

భర్త బ్రష్షు నోట్లోంచి తీసేశాడు. "నిజంగానా? నిజంగా బాగుందా?"

ఆ అడగడంలో ఆత్రం ఆవిడకు నచ్చలేదు. కారు బాగుంటే బాగుంటుంది, దానికి ఈ మనిషి కళ్లెందుకలా వెలగాలి?

అనుమానం అలా మొదలైంది. మొదలయ్యాక ఇక ఆగుతుందా? ఆయన పని షాపుల్లో కాటాలు బాగుచేయడం. రోజంతా ఊరు తిరిగే పనే, ఎప్పుడూ ఎక్కడికని అడిగింది లేదు. ఇప్పుడు అడగాలనిపిస్తోంది. టీ ఆయనే కాచుకుని ఫ్లాస్కులో పోసుకెళ్తున్నాడు. షుగరొచ్చిన దగ్గర్నుంచీ చప్పిడి టీ తప్ప తాగని మనిషి. ఓ సాయంత్రం ఫ్లాస్కు కడగబోతూ అడుగున మిగిలిన చుక్క నాలిక మీద వేసుకుంది. పాకంలా ఉంది. ఆ తీపి టీ ఎవరికి?

మధ్యాహ్నాలు కొత్తగా ఆవిడ కుట్టు షాపుకు రావడం మొదలుపెట్టాడు. కారు ఎదురుగా ఆపి, లోపలికొచ్చి, గుమ్మంలో నిలబడకుండా ఓ పక్కకు జరిగి గోడకు ఆనుకుని, ఆ కబురూ ఈ కబురూ చెప్పి పోతాడు. "నన్నూ ఇంటి దగ్గర దింపండి" అంటే టైర్లో గాలి తక్కువంటాడు. గాలి లేని కారులో తను మాత్రం ఝామ్మని వెళ్లిపోతాడు.

పక్కింటావిడ అడ్డుగోడ మీద మోచేతులు ఆన్చి మరీ ఆజ్యం పోసింది. "నల్లద్దాలెందుకు వదినా అన్నయ్యగారికి? ఈ వయసులో ఎవర్ని దాచాలట?"

"ఎండని దాస్తున్నారులే" అని నవ్వేసి లోపలికొచ్చింది గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. ఇంట్లోంచి ఇప్పటికే ఒకరు వెళ్లిపోయారు. కూతురు చేతికందింది కదా అని షాపులో కొత్త మిషను తెప్పించి పెడితే, "నాకు కుట్టు వద్దమ్మా, బోర్డులు తయారుచేసే చోట చేరతాను" అంది ఆ పిల్ల. నిచ్చెనలెక్కి షాపులకు బోర్డులంటించే పనా అని ఆవిడ మండిపడింది. "ఆ పనికి పోతే ఇంక నీ ముఖం నాకు చూపించకు" అనేసింది. తల్లికి తగ్గ మొండిది, నిజంగానే చూపించలేదు. ఏడాదైంది, ఏ ఊళ్లో ఉందో కూడా తెలియదు. ఊళ్లో కాటాలన్నీ సరిచేసే మనిషి ఆ రోజు మాత్రం ఇటూ మొగ్గలేదు, అటూ మొగ్గలేదు. ఇప్పుడు ఆయన కూడా జారిపోతే ఈ ఇంట్లో తనకు మిగిలేది మిషను చప్పుడే.

అందుకే ఆయన స్నానానికి వెళ్లగానే తాళాలు తీసుకుని కారు దగ్గరికి నడిచింది. తలవెంట్రుకో, జడపిన్నో, ఏదో ఒకటి దొరక్కపోదు. ముందు సీటు బాగా ముందుకు జరిపి ఉంది. వెనకెవరో కాళ్లు చాపుకుని కూర్చుంటున్నారు. పళ్లు కొరుక్కుంటూ వెనక తలుపు బార్లా తెరిచింది. లోపలి చట్రం ఇంకా ఎర్రగానే ఉంది. పైకొకటి, లోపలొకటి, అచ్చం ఈయనలాగే అనుకుంది.

సీటంతా దులిపినా ఏమీ దొరకలేదు. తలుపు వేయబోతుంటే దాని కింది మూల కంట్లో పడింది. పొరను లోపలికి తిప్పి, మూలను ఏటవాలుగా కోసి, ఎడమ అంచును కుడి అంచు మీదికి తెచ్చి నొక్కారు.

ఆవిడ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.

దిండు గలీబు మూలలు ఆవిడ అలాగే మడుస్తుంది. ఆవిడది ఎడమచేతివాటం. తనకు తెలిసిన దర్జీలందరూ కుడి అంచు పైకి తెస్తే, ఆవిడ ఎడమ అంచు పైకి తెస్తుంది. కూతురిది కుడిచెయ్యే. కానీ తల్లి చేతిని చూస్తూ నేర్చుకుంది కనక ఆ పిల్ల కూడా అలా తిరగేసే మడిచేది. "నీది కుడిచెయ్యే తల్లీ, అటు మడువు" అని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. మిగతా మూడు తలుపులూ తెరిచి చూసింది. అన్ని మూలలూ ఎడమవే.

తల తుడుచుకుంటూ వచ్చిన భర్త, నాలుగు తలుపులూ తెరిచి ఉన్న కారునూ మధ్యలో నిలబడ్డ భార్యనూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈ కారుకి పొర అంటించిందెవరు?"

"ఎవరో... షాపువాళ్లు."

"పేగు తెంచుకుని కన్నదాన్ని, చేతులు పట్టుకుని మడత నేర్పినదాన్ని. నా దగ్గరా బుకాయిస్తారు? ఎక్కడుంది అది?"

ఆయన తువ్వాలు మెడలో వేసుకున్నాడు. "ఈ ఊళ్లోనే."

"ఈ ఊళ్లోనే! తండ్రీకూతుళ్లిద్దరూ కూడబలుక్కుని నన్ను వెర్రిదాన్ని చేశారన్నమాట. నేనిక్కడ ఏ దానితో తిరుగుతున్నారో అని అన్నం మానుకుంటుంటే..."

"ఏ దానితోనా?" ఆయన నోరు తెరిచాడు. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం అది. "ఓ షాపులో కాటా చూడ్డానికి వెళ్తే, పక్క షెడ్డులో కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని కనపడింది. బోర్డులతో మొదలుపెట్టి కార్లకొచ్చింది. మొత్తం కారు ఒక్కతే చేయడం మాత్రం ఇదే మొదలు. 'ముఖం చూపించొద్దంది కదా నాన్నా, నా పనైనా అమ్మ కంట్లో పడనీ' అని మన కారే చేస్తానంది."

ఆవిడ వంగి ఆ మూలను మళ్లీ వేలితో తడిమింది.

"చెయ్యి శుభ్రంగా ఉందన్నావు చూడు, ఆ మాట చెప్తే షెడ్డు వెనక్కెళ్లి ఏడ్చొచ్చింది."

"మరి ఆ నల్లద్దాలు?"

ఆయన తువ్వాలు కొసలు సవరించుకున్నాడు. "మధ్యాహ్నం నీ షాపు ముందు కారు ఆపుతానుగా. వెనక సీట్లో తనుంటుంది. నువ్వు కుట్టుకుంటుంటే చూస్తుంది. నువ్వు ముఖం చూపించొద్దన్నావు గానీ, నిన్ను చూడొద్దనలేదట."

గుమ్మంలో నిలబడకుండా ఈయన గోడవైపు జరగడం ఎందుకో అప్పుడు అర్థమైంది ఆవిడకు. కూతురి చూపుకు అడ్డం రాకుండా అన్నమాట. కోపం ఇంకా ఉంది. కానీ అది ఎవరి మీదో తేల్చుకోలేక, తలుపులన్నీ ఒక్కొక్కటే వేసి లోపలికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ ఒక్క గుడ్డ కూడా కుట్టలేదు. సూదిలో దారం ఎక్కించడం, తీయడం, మళ్లీ ఎక్కించడం. బూడిదరంగు కారు వచ్చి ఎదురుగా ఆగింది. ఆయన ఇంకా దిగకముందే ఆవిడ మెడలో టేపుతో రోడ్డు దాటేసింది.

వెనక అద్దంలో తన ముఖమే కనపడింది. అవతల ఎవరున్నారో తెలిసి కూడా, తన ముఖాన్నే చూసుకుంటూ నిలబడాల్సి వచ్చింది. వేలి కణుపుతో తట్టింది.

అద్దం దిగలేదు.

"వింటున్నావుగా" అంది ఆవిడ. "మూలలు చూశాను. ఎన్నిసార్లు చెప్పాలే నీకు? నీది కుడిచెయ్యి. అటు మడవమన్నానా లేదా?"

కాసేపటికి అద్దం కిందికి జరిగింది. ముందు నుదురు, తర్వాత కళ్లు. అంతకంటే దిగలేదు, ఇంకా అనుమతి కోసం చూస్తున్నట్టు.

"నాకు ఇలాగే వచ్చమ్మా" అంది లోపలి నుంచి ఆ పిల్ల. "నీది చూసి నేర్చుకున్నదే."

ఆవిడ తలుపు తెరిచి, కూతుర్ని పక్కకు జరగమని చేత్తో నెట్టి, లోపల కూర్చుంది. వీధిలో ఎవరెవరో ఆగి చూస్తున్నారు. పక్క షాపువాళ్లు బయటికొచ్చారు.

"అద్దం పైకెక్కించవే" అంది. "అందరూ చూస్తున్నారు."

అద్దం పైకి జరిగి మూసుకుంది. అప్పుడు కూతురి భుజం మీద తల ఆన్చి, ఏడాదిగా దాచుకున్నదంతా వెక్కివెక్కి ఏడ్చేసింది.