కనుమ మీద మొదటి చుక్క

సరిగ్గా పదకొండూ ఇరవైకి గైడ్ సెవేరో మాట మధ్యలో ఆపేశాడు.

ఎదురుగా లింపి కొండ. ఎరుపు, పసుపు, ఊదా చారలతో ఎండలో నిగనిగలాడుతోంది. ఎర్ర చార ఎర్రగా ఎందుకుందో చెప్పడానికి చెయ్యెత్తినవాడు ఆ చెయ్యి దించకుండానే బోర్లా పడిపోయాడు. టూరిస్టులు ముందు నవ్వారు. కథలో భాగమనుకున్నారు. నోటి వెంట నురగ చూశాక అందరి నవ్వూ ఆగిపోయింది.

డ్రైవర్ బసీలియో పరుగున వచ్చి సెవేరోని భుజాన వేసుకున్నాడు. అరవై దాటిన మనిషి. మామూలు వాళ్లకు నడిస్తేనే రొప్పు వచ్చే ఎత్తు. అయినా వ్యాన్ దాకా మోసుకొచ్చాడు. దారి పొడుగునా "కంపాద్రే, కళ్లు తెరువు కంపాద్రే" అని ఏడుస్తూనే ఉన్నాడు. సెవేరో పెద్దకొడుక్కి బాప్టిజంలో జ్ఞానతండ్రి బసీలియోనే. ఆ కొండల్లో ఆ బంధం కలిసినవాళ్లు ఒకరినొకరు కంపాద్రే అనే పిలుచుకుంటారు. తోడబుట్టినవాడితో తగవు పెట్టుకోవచ్చు గాని, కంపాద్రేతో పెట్టుకోకూడదు.

మధ్యాహ్నం ఒంటిగంట. కొల్యానా ఊళ్లో చిన్న ఆసుపత్రి.

"ఎత్తు పడలేదని రాసేద్దామనుకున్నాను," అంది డాక్టరు, సబ్ ఇన్‌స్పెక్టర్ నీవెస్‌తో. "కానీ ఇతను పుట్టిందే పైన కదా. కంటిపాపలు చూడు, గుండుసూది తలకాయంత కూడా లేవు. ఒళ్లంతా చెమట, నోట్లో చొంగ. పురుగుమందు."

"బతుకుతాడా?"

"ఇంజెక్షన్లు ఇస్తున్నాను. సాయంత్రం దాకా నన్నేమీ అడక్కు."

"తాగిన ఎంతసేపటికి పడిపోతారు?"

"అరగంట. మహా అయితే గంట."

నీవెస్ బయటికొచ్చి మెట్ల మీద నిలబడింది. ఆమెది లింపి కొండ కింద ఉన్న సల్లాపాటా ఊరే. సెవేరోని మామా అని పిలుస్తూ పెరిగింది. బసీలియో ఆమెకూ జ్ఞానతండ్రే, పెదనాన్నా అని పిలుస్తుంది. తండ్రి పోయాక ఆమెను బడికి పంపిందీ, కుస్కోలో పోలీసు ట్రైనింగ్‌కి చేర్చిందీ ఆయనే. ఆమె మొదటిసారి యూనిఫాం వేసుకున్న రోజు ఊరంతా తిప్పి చూపించాడు.

రెండు గంటలకు కుస్కో నుంచి లెఫ్టినెంట్ ఓర్మెనో జీప్‌లో దిగాడు. రెండున్నరకల్లా కేసు తేల్చేశాడు.

"తొరీబియా," అన్నాడు. "నేతపని చేసే ఆవిడ. టూరిస్టులు పొద్దున మొదట ఆగింది సల్లాపాటాలో వాళ్లింటి దగ్గరే. గైడ్‌కి సూప్ పోసింది. నిన్న అతనితో అందరి ముందూ గొడవపడింది. ఇంట్లో పురుగుమందు డబ్బా దొరికింది. ఇంకేం కావాలి? అయిదింటికి జీప్ ఎక్కిస్తున్నాను."

కుస్కో జైలుకెళ్లిన కొండమనిషి ఎన్నాళ్లకు తిరిగొస్తాడో ఎవరూ చెప్పలేరు. తొరీబియా వీపు మీద మూటలో చంటిపాప ఉంది.

నీవెస్ స్టేషన్ గదిలో ఆమె ఎదురుగా కూర్చుంది.

"సెవేరో మామతో గొడవపడ్డావా?"

"పడ్డాను. మొన్నా పడ్డాను. మంచమ్మీంచి లేస్తే రేపూ పడతాను."

"దేనికి?"

"మిషన్ శాలువాలు తెచ్చి చేతి నేత అని అమ్ముతున్నానన్నాడు. టూరిస్టుల ముందే అన్నాడు."

"అమ్మావా?"

"అమ్మాను. ఇది కడుపులో ఉన్నప్పుడు మగ్గం ముందు వంగలేకపోయాను. తప్పే. దానికి మనిషికి మందు పెడతానా నీవెస్?"

"డబ్బా నీ ఇంట్లో దొరికింది."

"మీ అత్త ఇంట్లో లేదా? బంగాళాదుంప వేసేవాళ్లందరి ఇళ్లలోనూ ఉంటుంది. ఆ లెఫ్టినెంటు తినే దుంపల మీదా అదే కొట్టారని చెప్పు."

"సూప్ ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నర దాటింది. ఒకటే కుండ. అందరికీ అందులోంచే. బసీలియో మామ రెండోసారి అడిగి మరీ పోయించుకున్నాడు."

తొమ్మిదిన్నరకి సూప్. పదకొండూ ఇరవైకి పడిపోయాడు. దాదాపు రెండు గంటలు. డాక్టరు చెప్పింది గంట.

ఆ మధ్యలో ఏం తిన్నాడు? ఏం తాగాడు?

బసీలియో ఆసుపత్రి గోడకు ఆనుకుని ఎండలో కూర్చున్నాడు. టోపీ ఒళ్లో పెట్టుకుని దాని అంచు నలుపుతున్నాడు. నీవెస్‌ని చూడగానే కళ్లు తుడుచుకున్నాడు.

"ఎలా ఉన్నాడమ్మా?"

"అలాగే ఉన్నాడు. పెదనాన్నా, సల్లాపాటా దాటాక ఎక్కడైనా ఆగారా?"

"కనుమ మీద, దారి పక్క రాళ్ల కుప్ప దగ్గర. ఎప్పుడూ ఆగేదేగా."

"ఆగి?"

"చెరకు సారా తీశాను. భూమితల్లికి మొదటి చుక్క పోశాను. నేనో గుక్క తాగి వాడికిచ్చాను. ఆ సీసా మీ లెఫ్టినెంటుకు అప్పుడే ఇచ్చేశాను. ఆయన ఎదురుగానే తాగి చూపించాను కూడా."

"తెలుసు. ఊరికే అడిగాను."

"అడగాలమ్మా, నీ ఉద్యోగం." ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కటి మాత్రం విను. ఆ తొరీబియాని వదలకు. చంటిపిల్లను చూసి కరిగిపోకు."

నీవెస్ తలూపి లేచింది. ఎక్కడున్న భారమో దిగినట్టయింది. సొంత మనిషిని దొంగను అడిగినట్టు అడగడం ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పరు. అడిగినట్టూ ఉండాలి, జవాబు వినక్కర్లేకుండానూ ఉండాలి. ఆమె సరిగ్గా అలాగే అడిగింది.

టూరిస్టులను చర్చి పక్క సత్రంలో కూర్చోబెట్టారు. వాళ్లలో లీమా నుంచి వచ్చిన టీచరు మరీసోల్ ఒక్కతే కాస్త నిలదొక్కుకుని ఉంది.

"కనుమ దగ్గర ఎంతసేపు ఆగారు?"

"పది నిమిషాలు. నేను ఫోటో తీశాను, చూడండి. పదీ ముప్ఫై అయిదు."

పదీ ముప్ఫై అయిదు. పడిపోవడానికి ముప్పావు గంట ముందు.

"అక్కడ ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు. డ్రైవర్ చిన్న గిన్నెలో సారా పోసి గైడ్‌కి ఇచ్చాడు. అతను తాగాడు."

"డ్రైవర్ ముందు తాగి తర్వాత ఇచ్చాడు కదా?"

"లేదే. ఆయన తాగలేదు."

నీవెస్ పెన్ను ఆగింది.

"బాగా గుర్తుందా?"

"పక్కనే ఉన్నాను. సెవేరో వాసన చూసి మొహం చిట్లించాడు. 'ఏంటి కంపాద్రే, రేడియేటర్ నీళ్లు పోశావా?' అన్నాడు. అందరం నవ్వాం. నవ్వుతూనే తాగేశాడు."

"భూమికి ఎవరు పోశారు?"

"ఎవరూ పొయ్యలేదు." మరీసోల్ చేత్తో గిన్నె వంచినట్టు చూపించింది. "సెవేరో పొయ్యబోయాడు. గిన్నె వంచాడు కూడా. డ్రైవర్ చటుక్కున చెయ్యి పట్టుకుని, 'నీ వంతు కూడా నేనే పోసేశాను, నువ్వు తాగు' అన్నాడు. ఒకరి వంతు ఒకరు పోస్తారన్నమాట, భలే ఉందే అనుకున్నాను."

నీవెస్ ఆ మాట అలాగే రాసుకుంది.

ఒకరి వంతు ఒకరు పొయ్యరు. సల్లాపాటాలో మాటలు రాని పిల్ల కూడా పాలగ్లాసు వంచి ఓ చుక్క నేల మీద వేస్తుంది. ఎవరి గిన్నెలోది వాళ్లే పొయ్యాలి. పెళ్లిలో, చావులో, ఒళ్లు తెలియనంత తాగినప్పుడు కూడా బసీలియో ఆ చుక్క మరిచిపోవడం ఆమె చూడలేదు. అది నేర్పిందీ ఆయనే.

"ఆ ఫోటో ఇంకోసారి చూపించండి."

ఫోటోలో రాళ్ల కుప్ప, నవ్వుతున్న సెవేరో, బసీలియో చేతిలో సీసా ఉన్నాయి. సీసా మెడకు ఎర్ర ఉన్ని దారం కట్టి ఉంది. స్టేషన్ బల్ల మీదున్న సీసాకు దారం లేదు.

రెండు సీసాలు. ఒకటి మంచిది. రెండోది కలిసిపోకుండా గుర్తు పెట్టుకున్నది.

సత్రం వెనక గోడ దగ్గర నీవెస్ కాసేపు ఒంటరిగా నిలబడింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది. తనను పెంచిన చెయ్యే ఆ గిన్నె అందించింది. అంతకంటే ఎక్కువగా మండింది ఇంకో సంగతికి. తను అడిగీ అడగనట్టు అడుగుతుందని ఆయనకు ముందే తెలుసు. ఆ నమ్మకం మీదే ఎండలో అంత తీరిగ్గా కూర్చున్నాడు.

ముఖం కడుక్కుని మూల కొట్టుకు వెళ్లి ఒక సారా సీసా కొంది.

నాలుగున్నర. స్టేషన్ వెనక మట్టి పెరడు.

"జీప్ సిద్ధంగా ఉంది," అన్నాడు ఓర్మెనో వాచీ చూస్తూ.

"అయిదు నిమిషాలు సార్. సెవేరో మామ ఇంకా కళ్లు తెరవలేదు. ఆయన ప్రాణం కోసం పచమామకు, మా భూమితల్లికి, రెండు చుక్కలు పోసి వెళదాం. మా ఊరి వాళ్లం, కాదనకండి."

ఓర్మెనో సముద్రం ఒడ్డున పుట్టినవాడు. "మీ పూజలు మీవి. కానివ్వండి," అని సిగరెట్ వెలిగించుకున్నాడు.

తొరీబియా వచ్చింది, పాపను వీపున కట్టుకునే. బసీలియో టోపీ తీసి నిలబడ్డాడు. నీవెస్ సంచీలోంచి సీసా తీసి గిన్నెలోకి వంపింది. సీసా మెడకు ఎర్ర ఉన్ని దారం కట్టి ఉంది.

బసీలియో చూపు ఆ దారం మీద పడి అక్కడే ఆగిపోయింది.

"ముందు నువ్వు పొయ్యి," అని గిన్నె తొరీబియాకు ఇచ్చింది నీవెస్.

తొరీబియా రెండు చేతులా అందుకుంది. "తల్లీ, ఆ నోటి దురుసువాణ్ణి బతికించు. వాడితో నా తగువు ఇంకా తేలలేదు," అంటూ వంగి గిన్నె వంచబోయింది.

"పొయ్యకు."

బసీలియో ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు. సారా నేల మీద పడకుండా రెండో అరచెయ్యి గిన్నె కింద పట్టాడు.

ఓర్మెనో సిగరెట్ నోట్లోంచి తీశాడు.

"ఎందుకు పొయ్యకూడదు పెదనాన్నా?"

"అది... ఆ సీసా నీకెక్కడిది? లోయలోకి విసిరేశాను కదా."

ఆ మాట అన్నాక గాని ఏమన్నాడో ఆయనకే తెలిసిరాలేదు.

నీవెస్ గిన్నె తీసుకుంది. ఓ చుక్క నేల మీద పోసి మిగతాది గటగటా తాగేసింది.

"మూల కొట్టులో కొన్న సారా ఇది. దారం నా శాలువాది. ఆ సీసా లోయలోనే ఉంది. రేపు మనుషుల్ని దింపి తీయిస్తాను." ఆమె ఓర్మెనో వైపు తిరిగింది. "సార్, ఈయన తాగానన్నాడు, తాగలేదు. భూమికి పోశానన్నాడు, పొయ్యలేదు. సెవేరో పొయ్యబోతే ఇలాగే చెయ్యి పట్టుకున్నాడు. సీసా నిండా విషం కదా, తల్లి నోట్లో విషం పొయ్యడానికి చెయ్యి రాలేదు."

బసీలియో నేల మీద కూలబడ్డాడు.

"దేనికి చేశావు?" అని అడిగింది.

"లింపి కొండ కింద రాగి ఉందట. ఊరంతా సరేనంటుందని గని వాళ్లకి మాటిచ్చేశాను. సెవేరోకి తెలిసిపోయింది. 'ఆదివారం ఊరి సభలో నువ్వే చెప్పుకో కంపాద్రే, నేను చెబితే నీ పరువు పోతుంది' అన్నాడు. వాడు మంచం పట్టి ఆదివారం గడిచిపోతే చాలనుకున్నాను. చావాలని కాదమ్మా."

"తొరీబియా జైలుకు పోతే?"

బసీలియో పాప వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"చంటిపిల్లను చూసి కరిగిపోవద్దన్నావు. నాతో అన్నావు." నీవెస్ ఆయన ఎదురుగా కూర్చుంది. "మట్టికి పొయ్యలేనిది మనిషికి ఎలా పోశావు పెదనాన్నా? అతని కొడుక్కి జ్ఞానతండ్రివి నువ్వు. నీ చేత్తో ఇచ్చావు గనకే, వాసన తెలిసీ తాగాడు."

"నన్ను క్షమించు తల్లీ," అన్నాడు బసీలియో. ఆ మాట తననో, కింద ఉన్న నేలనో నీవెస్‌కి తెలియలేదు, అడగాలనీ అనిపించలేదు. బేడీలు ఆమే వేసింది.

తొరీబియా మూట విప్పి పాపను ఒళ్లోకి తీసుకుంది. "మా ఇంట్లో రెండుసార్లు సూప్ పోయించుకున్నాడే," అంది, అదే పెద్ద ద్రోహమైనట్టు.

ఆరు గంటలకు డాక్టరు కబురు పంపింది. నీవెస్ వెళ్లేసరికి సెవేరో కళ్లు తెరిచి ఉన్నాడు. గొంతు జీరగా ఉంది.

"టూరిస్టులు?"

"క్షేమంగా దిగారు మామా."

"కంపాద్రే ఏడి? కనబడడేం?"

"స్టేషన్లో ఉన్నాడు."

సెవేరో లేవబోయాడు. "వాణ్ణి పట్టుకున్నారా? మతి ఉందా మీకు? ఆ సారా కొట్టువాడు కల్తీ చేసుంటాడు. వాసన చూడగానే అనుకున్నాను. వాడికేం తెలుసు పాపం. కాగితం పట్రా, నేను పూచీ ఉంటాను. ఇంటికి పంపించు." ఒక్కసారి ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "వాడూ తాగాడుగా? వాడికేం కాలేదు కదా?"

నీవెస్ మంచం పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది.

"ఆయన తాగలేదు మామా."

సెవేరో ఆమె ముఖంలోకి చూశాడు.

"బండి నడపాలి కదా," అన్నాడు చివరికి. "అందుకే తాగి ఉండడు."

అంటున్నాడే గాని, కళ్ల వెంట నీళ్లు కారిపోతూనే ఉన్నాయి.