సగంలో ఆగిన వాక్యం

"సాయంత్రం అయిదింటికి మా చెల్లెల్ని ఉద్యోగంలోంచి తీసేస్తారటండీ. కంప్యూటర్ లాగ్ చెరిపేసిందని నింద." వచ్చినతని చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయింది.

డిటెక్టివ్ గడియారం చూశాడు. రెండున్నర. "పదండి." సహాయకురాలు అప్పటికే నోటుబుక్కు సంచిలో వేసుకుంది.

ఊరికి నీళ్లు తోడే పంపుల్ని నడిపే కంప్యూటర్ పొద్దున కుప్పకూలింది. పంపులిప్పుడు రెండో మెషీన్ మీద నడుస్తున్నాయి. కూలే ముందు కారణాన్ని లాగ్‌లో, అంటే తన చిట్టాలో, రాయడం దాని ధర్మం. రాయలేదు. ఆ సమయంలో గదిలో ఉన్నది అతని చెల్లెలు ఒక్కతే.

"ఆగిపోయాక మెషీన్ ఎలా ఉందమ్మా?" పంపుల ఆఫీసులో ఆ అమ్మాయిని అడిగాడు డిటెక్టివ్.

"ఫ్యాన్లు హోరెత్తిపోయాయి సార్. చెయ్యి పెడితే కాలింది."

"తెరమీద?"

"ఒక వాక్యం సగంలో ఆగిపోయింది."

చీఫ్ ఇంజనీరు పెదవి విరిచాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది."

"లాగ్ రాసే పద్ధతి ఎవరు పెట్టారు?"

"నేనే. లాగ్‌కి తాళంచెవి లాంటి అనుమతి ఒకటే ఉంటుంది. ఏ ప్రోగ్రామైనా అది చేతికందితేనే రాయాలి. లేకపోతే అందరి రాతలూ కలగాపులగమవుతాయి. ఎవరైనా సరే, ఎంతసేపైనా ఆగాల్సిందే."

డిటెక్టివ్ పెన్నుకు మూత పెట్టాడు. కేసు తేలిందని సహాయకురాలికి అర్థమైంది. ఎలా తేలిందో మాత్రం అంతుపట్టలేదు.

నాలుగింటికి అందర్నీ మెషీన్ ముందు కూర్చోబెట్టాడు.

"చెరిపేవాళ్లు సగం వాక్యం మిగల్చరు. చచ్చిన యంత్రం వేడెక్కదు. ఇది చావలేదు, తాళంచెవి దొరికిందా అని క్షణక్షణం చూసుకుంటూ ఎదురుచూస్తోంది. కెర్నెల్ అంటే కంప్యూటర్‌కి ఇంటిపెద్ద. తాళంచెవి పట్టుకుని ఏదో రాస్తుండగానే కూలింది. కూలిన సంగతి రాయాలంటే మళ్లీ అదే తాళంచెవి కావాలి. అదేమో తన గుప్పిట్లోనే ఉంది!"

"చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టు," అంది సహాయకురాలు.

"రుజువేదీ?" అన్నాడు చీఫ్.

డిటెక్టివ్ అమ్మాయి వైపు తిరిగాడు. "కూలేటప్పుడు మాత్రం తాళంచెవి కోసం ఆగకుండా చెయ్యగలవా?"

"చేస్తాను సార్. కెర్నెల్ తాళంచెవి ఒక్కసారే అడుగుతుంది. దొరక్కపోతే, విడిగా దాచిన చోట రాసి పడిపోతుంది. లేచాక మనం చదువుకోవచ్చు."

ఆమె మెషీన్‌ని ఆపి మళ్లీ లేపింది. మార్పు చేసి, పొద్దుటి పనంతా మళ్లీ మెషీన్ మీద పెట్టింది.

నాలుగు నలభైకి అది కూలింది. వాక్యం మళ్లీ సగంలోనే ఆగింది. కానీ ఈసారి ఫ్యాన్లు హోరెత్తలేదు. మెషీన్ తనంతట తనే లేచి, దాచిన మాట తెరమీద పెట్టింది: మూడో మెమరీ కార్డు చెడిపోయింది.

"మద్దెల నిజంగానే ఓడు సార్," అన్నాడు అన్నయ్య మెల్లగా.

చీఫ్ లేచి వచ్చి తెరమీది మాట దగ్గరగా చదివాడు.

"కార్డు మార్చమంటారా సార్?" అడిగింది అమ్మాయి.

"ముందు రెండో మెషీన్‌లో కూడా నా నియమం మార్చమ్మా. తర్వాత కార్డు."